ఐసు పెట్టెలో అంటార్కిటికా

ఆదివారం పొద్దున్నే బెజవాడ గుణదలలో ఏలూరు కాలువ వైపు నడిస్తే రోడ్డు పక్కన చేపల బళ్ళు కనపడతాయి. థర్మోకోల్ పెట్టె మూత తీయగానే ముందు చల్లగాలి ముఖానికి తగులుతుంది, తర్వాత వాసన. తురిమిన ఐసులో సగం మునిగి బొచ్చెలు, శీలావతులు, అడపాదడపా ఒక కొరమేను.

"ఎప్పటివండీ ఇవి?"

"రాత్రి దిగినియ్యే. ఐసులోనే ఉన్నాయి గదండీ, ఏం గాదు."

ఆ "ఏం గాదు"లో నిజమెంతో తేల్చుకుందామని బయల్దేరితే హైదరాబాదు మీదుగా అంటార్కిటికా దాకా వెళ్ళాల్సొచ్చింది. కాళ్ళతో కాదు లెండి, పుస్తకాలతో.

ఐసంటే బెజవాడ వాళ్ళకున్న గురి ఇంకెవరికీ ఉండదు. వేసవిలో 45 డిగ్రీలు చూసే ఊరు. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకి కొండెక్కి దిగిన పిల్లల చేతుల్లో అప్పటికే పుల్లైసులు ఉంటాయి. ఇక కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు, ముదినేపల్లి చెరువుల్లో పట్టిన చేప బెంగాలుకీ అస్సాముకీ లారీల్లో వెళ్తోందంటే అది ఐసు చలవే. అంత దూరం ప్రయాణంలో చేప మెత్తబడకుండా కాపాడేది ఆ తెల్లటి తురుమొక్కటే. కాబట్టి ఐసు క్రిముల్ని చంపేస్తుందని జనం అనుకోవడంలో తప్పులేదు.

అది అబద్ధమని మాత్రం మన వంటిల్లే రుజువు చేస్తుంది. డీప్‌ఫ్రీజర్‌లో మర్చిపోయిన పెరుగు గిన్నెను నెల తర్వాత తీసి, కరగనిచ్చి, గోరువెచ్చటి పాలల్లో ఒక చెంచా వేయండి. కాస్త ఆలస్యంగానైనా తోడుకుంటుంది. గడ్డకట్టిన ఆ నెలరోజులూ బ్యాక్టీరియాలో కొంత చచ్చింది, మిగతాది ఆగి కూర్చుంది. వెచ్చదనం తగలగానే లేచి పనిలో పడింది.

చల్లబడటం వేరు, గడ్డకట్టడం వేరు. బ్యాక్టీరియాకు ఈ రెండూ రెండు వేర్వేరు కష్టాలు. ముందు చలి సంగతి చూద్దాం.

ధనుర్మాసంలో కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాదు. దాన్ని ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టాలి. పక్కనే ఉన్న నువ్వులనూనెకు ఏమీ కాదు. తేడా కొవ్వు ఆమ్లాల ఆకారంలో ఉంది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండేవి సంతృప్త కొవ్వులు, అంటే తిన్నటి గొలుసులు. చీపురు పుల్లల్లా ఒకదాన్నొకటి ఆనుకుని బిగిసిపోతాయి. నువ్వులనూనెలో ఎక్కువ అసంతృప్తమైనవి. వాటి గొలుసులో ద్విబంధం ఉన్నచోట ఒక వంపు ఉంటుంది. తుమ్మకంపను చీపురులా బిగించి కట్టగలమా? అదే ఇక్కడా జరుగుతుంది. బిగియవు కాబట్టి గడ్డకట్టవు.

బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే పొర ఇలాంటి కొవ్వులతో చేసిందే. ఆహారం లోపలికి రావడం, చెత్త బయటికి పోవడం, శక్తి తయారుకావడం అన్నీ ఆ పొరలో కదలాడే ప్రొటీన్ల పనే. చలికి పొర కొబ్బరినూనెలా పేరుకుంటే ఆ ప్రొటీన్లు బురదలో దిగబడిన బండి చక్రాలౌతాయి. అందుకని చలి తగలగానే బ్యాక్టీరియా చేసే మొదటి పని తన కొబ్బరినూనెను నువ్వులనూనెగా మార్చుకోవడం. తిన్నటి గొలుసుల్లో కొత్తగా వంపులు పెట్టే ఎంజైములు దానికున్నాయి.

చలి తగిలిందని దానికెలా తెలుస్తుంది? మట్టిలో ఉండే బాసిల్లస్ సబ్టిలిస్ మీద అర్జెంటీనాలోని రొసారియోలో డియెగో ద మెండోసా బృందం ఏళ్ళ తరబడి పనిచేసి దీనికి జవాబు పట్టుకుంది. పొరలో గుచ్చుకుని డెస్‌కె అనే ప్రొటీన్ ఉంటుంది. చలికి గొలుసులు నిక్కి పొర మందమైతే డెస్‌కె ఆకారం మారుతుంది, వంపులు పెట్టే ఎంజైము తయారుచెయ్యమని కబురు వెళ్తుంది. పాదరసం అక్కర్లేని థర్మామీటరన్న మాట.

పొర ఒక్కటీ సర్దుకుంటే సరిపోదు. జన్యువుల్లోని సమాచారాన్ని ప్రొటీన్ల తయారీకి మోసుకెళ్ళేది ఆర్‌ఎన్‌ఏ. అది ఒంటి పేట దారం. వెచ్చగా ఉన్నంతసేపూ వదులుగా ఉంటుంది, చలికి తనమీద తనే మెలిపడి ముడులు వేసుకుంటుంది. ముడిపడ్డ దారం మీదుగా ప్రొటీన్ల కర్మాగారమైన రైబోజోము ముందుకు సాగలేదు. 1987లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ నీడ్‌హార్ట్ బృందం మన పేగుల్లో ఉండే ఈకొలైని 37 డిగ్రీల నుంచి ఉన్నట్టుండి 10 డిగ్రీలకి దించి చూసింది. సుమారు నాలుగు గంటలపాటు ఎదుగుదల ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లగా మళ్ళీ మొదలైంది. ఆ నాలుగు గంటలూ అది ఊరికే కూర్చోలేదు, మిగతా ప్రొటీన్ల తయారీ తగ్గించుకుని కొన్నిటిని మాత్రం జోరుగా చేసుకుంది. 1990లో న్యూజెర్సీలో మసయోరి ఇనోయె బృందం వాటిలో ముఖ్యమైనదాన్ని గుర్తించి వర్ణించింది. దాని పేరు సిఎస్‌పిఎ. 70 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీను, కానీ చలి దెబ్బ తగిలిన ఆ వేళ కణం చేసే మొత్తం ప్రొటీన్లలో 13 శాతం దాకా అదే. ఆర్‌ఎన్‌ఏ దారానికి అంటుకుని ముడిపడకుండా చూడటం దాని ఉద్యోగం.

ఇంత చేసినా ఈకొలై చలికి కొత్తే. సుమారు 8 డిగ్రీల కిందికి దిగితే పెరగలేదు. చలిలోనే పుట్టి, చలిలోనే సంసారం చేసేవాటిని చూడాలంటే మంచుకే వెళ్ళాలి.

ఇక్కడే కథ హైదరాబాదు చేరుతుంది. అంటార్కిటికాలో షిర్మాకర్ ఒయాసిస్ అని ఒక చోటుంది. చుట్టూ మంచు, మధ్యలో మంచు లేని రాతినేల, దానినిండా చిన్న చిన్న సరస్సులు. 1989 నుంచి భారతదేశపు మైత్రి కేంద్రం నడుస్తున్నది అక్కడే. ఆ నేల మట్టి మన ఉప్పల్ రోడ్డుకి వచ్చింది. సిసింతి శివాజీ నాయకత్వంలో అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు అందులోంచి సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియాలను వేరుచేసి 1989లో వివరాలు ప్రచురించారు. 1992లో అదే నేల నుంచి కొత్త జాతి ఒకటి దొరికితే స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కిటికస్ అని పేరుపెట్టారు. తర్వాత ఏళ్ళలో అంటార్కిటికాలోని ఇతర చోట్ల నుంచి, హిమాలయాల్లోని హమ్టా హిమానీనదం నుంచి మరెన్నో వచ్చాయి. బయట 40 డిగ్రీల ఎండలో ఆటోలు పరుగెత్తే రోడ్డుకి గజాల దూరంలో, 4 డిగ్రీల గదిలో అంటార్కిటికా పౌరులు పెరిగారు. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకుండదో నాకర్థం కాదు.

పేర్లు పెట్టడంతో పని ఆగి ఉంటే అది జనాభా లెక్కలే అయ్యేది. అసలు సొగసు తర్వాతి ప్రశ్నల్లో ఉంది. అదే సీసీఎంబీలో ఎం.వి. జగన్నాథం, శివాజీ తదితరులు అంటార్కిటికా నుంచి వచ్చిన మైక్రోకాకస్ రోసియస్ అనే బ్యాక్టీరియాకి ఎర్రరంగు ఇచ్చే పదార్థాన్ని శుద్ధిచేసి, దాని నిర్మాణం తేల్చి 1991లో ప్రచురించారు. క్యారెట్ రంగుకి చుట్టం లాంటిది. అది కణపొరలో దూరుతుంది, దూరి పొరను బిగిస్తుంది. చలికి పొరను వదులు చేసుకోవాల్సింది పోయి బిగించుకోవడమేమిటి? వదులు కూడా హద్దు దాటితే పొర కారిపోతుంది. ఒక చేత్తో వదలడం, మరో చేత్తో పట్టుకోవడం, ఎద్దుల పగ్గాలు పట్టినవాడికి ఈ ఇరకాటం కొత్తది కాదు.

సీసీఎంబీలోనే మలయ్ రే బృందం ఇంకా లోతుకు వెళ్ళింది. షిర్మాకర్ మట్టిలోంచి వచ్చిన ఎల్‌జెడ్4డబ్ల్యూ అనే సూడోమోనాస్ రకం 22 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది, 4 డిగ్రీల్లో నెమ్మదిగానైనా పెరుగుతుంది. దాని జన్యువుల్ని ఒక్కొక్కటే చెడగొట్టి, ఏది పోతే చలిలో బతకలేకపోతోందో చూశారు. ముడిపడ్డ ఆర్‌ఎన్‌ఏని విప్పి కొరికి పారేసే ఆర్‌ఎన్ఏస్ ఆర్ అనే ఎంజైము తీసేస్తే 22 డిగ్రీల్లో పెరుగుతోంది, 4 డిగ్రీల్లో చస్తోంది. పారిశుధ్య కార్మికుల సమ్మె మూడోరోజు ఊరెలా ఉంటుందో కణం అలా అయిపోతుంది. ఇంకో ఫలితం నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. తెగిన డీఎన్‌ఏని అతికే రెక్‌బీసీడీ అనే ఎంజైము లేకపోయినా అదే గతి. వెచ్చదనంలో అంతగా అక్కరలేని మరమ్మతు మేస్త్రి చలిలో లేకపోతే ప్రాణం పోతోంది. అంటే చలి కణాన్ని నెమ్మదింపచేయడంతో సరిపెట్టడం లేదు, దాని డీఎన్‌ఏని కూడా తెంపుతోంది. చలిలో ఎదగడమంటే రోజూ పగిలే గోడని రోజూ పూడ్చుకోవడం.

ఈ సూడోమోనాస్ పేరు గుర్తుపెట్టుకోండి. ఇది అంటార్కిటికా సొత్తు కాదు. దీని దాయాదులు కృష్ణా కాలువ నీళ్ళలో, పొలం మట్టిలో, ఆకుల మీద, ఇప్పుడు మీ ఫ్రిజ్‌లో కూడా ఉన్నాయి.

బయట పెట్టిన పాలు పులుస్తాయి. ఫ్రిజ్‌లో చాలాకాలం ఉన్న పాలు ఎక్కువగా పులవవు, చేదెక్కుతాయి. ఎప్పుడైనా గమనించారా? పులుపు లాక్టిక్ బ్యాక్టీరియా పని, వాటికి వెచ్చదనం కావాలి. 4 డిగ్రీల్లో అవి ముడుచుకుని కూర్చుంటే మైదానం సూడోమోనాస్‌కి దొరుకుతుంది. అది వదిలే ఎంజైములు పాలలోని ప్రొటీన్లనీ వెన్ననీ విరగ్గొడతాయి, ఆ ముక్కలు చేదు. ఇంకో సంగతి, పాలు కాస్తే సూడోమోనాస్ చస్తుంది గానీ దాని ఎంజైముల్లో కొన్ని మరిగే వేడినీ తట్టుకుంటాయి. దొంగ పోయాక కూడా దొంగ పెట్టిన కన్నం ఉన్నట్టు. ఫ్రిజ్ బ్యాక్టీరియాని చంపే యంత్రం అనుకుంటాం, నిజానికి అది పందెంలో గెలిచేవాళ్ళని మార్చే యంత్రం.

గెలిచేవాళ్ళలో ప్రమాదకారులు తక్కువే కానీ లేకపోలేదు. లిస్టీరియా అనే రోగకారి 4 డిగ్రీల్లో కూడా పెరుగుతుంది, గడ్డకట్టినా బతుకుతుంది. అమెరికాలో ఒక కంపెనీ ఐస్‌క్రీముల్లో చేరి అది పదిమందిని జబ్బు చేసిన సంగతి 2015లో బయటపడింది. వాళ్ళలో ముగ్గురు చనిపోయారు.

ఇక గడ్డకట్టడం. నీళ్ళు గడ్డకడితే సూదుల్లాంటి స్ఫటికాలు కణాన్ని పొడిచి చంపుతాయని చిన్నప్పుడు చదివాం. అది సగం కథే. మామూలుగా మంచు ముందు కణం బయట పుడుతుంది. మంచు స్వచ్ఛమైన నీటినే తనలో కలుపుకుని ఉప్పునీ మిగతావాటినీ బయటికి నెడుతుంది. దాంతో కణం చుట్టూ మిగిలిన కాసిని నీళ్ళు కటిక ఉప్పునీళ్ళౌతాయి. ఆవకాయ ఉప్పులో ముక్క ఊటదిగినట్టు కణంలోని నీరంతా బయటికి లాగబడుతుంది. కణం వడలిపోతుంది. చలి కన్నా ఈ దప్పికే ఎక్కువమందిని చంపుతుంది. మరీ వేగంగా చల్లబడితే నీరు బయటికొచ్చే వ్యవధి లేక లోపలే స్ఫటికాలు పుడతాయి, అప్పుడు సూదుల కథ నిజమౌతుంది. కరిగేటప్పుడు చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవై ఇంకోసారి కోస్తాయి.

దీనికి బ్యాక్టీరియా దగ్గరున్న మందు, ఉప్పుకి బదులు కణానికి హాని చేయని పదార్థాల్ని లోపల నింపుకోవడం. ట్రెహలోజ్ అనే చక్కెర, గ్లైసీన్ బీటైన్ లాంటివి. ఇవి నీటిని లోపల పట్టి ఉంచుతాయి, ప్రొటీన్ల ఆకారం చెడకుండా చూస్తాయి. ఇదే సూత్రం మన పల్లెల్లో రోజూ నడుస్తోంది. గోపాలమిత్ర బండి మీద మోసుకొచ్చే ద్రవ నత్రజని క్యాను మీరు చూసే ఉంటారు. మూత తీస్తే తెల్లటి పొగ, లోపల -196 డిగ్రీల్లో ఆబోతు వీర్యం నింపిన సన్నటి గొట్టాలు. వీర్యకణాలు ఆ చలిలో బతికి వస్తున్నాయంటే కారణం అందులో కలిపిన గ్లిసరాల్. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ దాని మహిమని కనిపెట్టారు. బ్యాక్టీరియాని దాచుకునే ప్రయోగశాలలు కూడా -80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టేముందు అదే గ్లిసరాల్ కలుపుతాయి.

ఐసు ఫ్యాక్టరీ లోపలికి ఎప్పుడైనా వెళ్ళారా? డబ్బాల్లోని మంచినీళ్ళు దిమ్మలుగా గడ్డకడుతుంటే, ఆ డబ్బాలు మునిగి ఉన్న తొట్టిలోని ఉప్పునీళ్ళు మాత్రం సున్నా కన్నా ఎంతో చల్లగా ఉండి కూడా పారుతూనే ఉంటాయి. ధ్రువాల సముద్రపు మంచు లోపల కూడా ఇలాంటి ఉప్పునీటి సన్నటి కాలువలు ఉంటాయి. ఆ కాలువల్లో కాపురముండేవి ఉన్నాయి. అలాస్కా తీరపు సముద్రమంచులో దొరికిన సైక్రోమోనాస్ ఇంగ్రహామి -12 డిగ్రీల్లో పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికి 240 గంటలు, అంటే పదిరోజులు పడుతుంది. మన ఒంటి వేడిలో ఈకొలైకి ఆ పని 20 నిమిషాలు. కెనడా ఉత్తర ధ్రువప్రాంతపు గడ్డకట్టిన నేలలో దొరికిన ప్లానోకాకస్ హాలోక్రయోఫిలస్ -15 డిగ్రీల్లో కూడా రెండౌతుంది.

కొన్ని మంచు నుంచి తప్పించుకోవు సరికదా, మంచుని పిలుస్తాయి. మలినాలు లేని సన్నటి నీటి బిందువు సున్నా దగ్గర గడ్డకట్టదు, -38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. గడ్డకట్టడం మొదలెట్టడానికి దానికొక ఊతం కావాలి. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే కొన్ని రకాలకు ఒంటిమీద ఆ ఊతం లాంటి ప్రొటీన్ ఉంది. దానిమీద నీటి అణువులు మంచులో ఉండే వరసలోనే కుదురుకుని -2 డిగ్రీలకే గడ్డకట్టేస్తాయి. ఆకు పగులుతుంది, లోపలి రసం బ్యాక్టీరియాకి భోజనం. చలిదేశాల స్కీయింగు మైదానాల్లో కృత్రిమ మంచు కురిపించడానికి కొన్నిచోట్ల ఈ బ్యాక్టీరియా పొడిని వాడతారు. దీనికి తలకిందులు అంటార్కిటికా సరస్సులోని మారినోమోనాస్ ప్రిమోరియెన్సిస్. ఒక పొడవాటి ప్రొటీనుతో సరస్సు పైకప్పులాంటి మంచుని పట్టుకుని గబ్బిలంలా వేలాడుతుంది. పైనే ప్రాణవాయువు, పైనే వెలుతురు.

హైదరాబాదు కథలో ఇంకొక ముక్క మిగిలిపోయింది. 2005 ఏప్రిల్‌లో అక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూను కేంద్రం నుంచి ఒక బెలూను ఎగిరింది. దానికి వేలాడదీసిన, క్రిములు లేకుండా శుద్ధిచేసిన గొట్టాలు 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టాయి. గాలి గొట్టంలోకి చేరి నిలవాలంటే గొట్టం విపరీతంగా చల్లగా ఉండాలి, అందుకు ద్రవ నియాన్ వాడారు. నియాన్ మరిగేదే -246 డిగ్రీల దగ్గర. ఆ గొట్టాల్లోంచి సీసీఎంబీలోనూ, పుణెలోని కణశాస్త్ర కేంద్రంలోనూ బ్యాక్టీరియాని పెంచితే మూడు కొత్త జాతులు బయటపడ్డాయి. 2009లో వాటికి పేర్లు పెట్టారు, జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. ఆకాశం నుంచి వచ్చాయా, భూమి నుంచి ఎగిరాయా అన్న వాదనకి పోను. అంత చలిని చూసిన గొట్టంలోంచి తీసి వెచ్చటి పళ్ళెంలో పెడితే పెరిగాయి, నాకది చాలు.

సరే, చేపల బండి దగ్గరికి వద్దాం. చేపలమ్మే ఆవిడ "ఏం గాదు" అన్నదానిలో నేననుకున్న దానికన్నా నిజం ఎక్కువే ఉంది. మత్స్య శాస్త్రవేత్తలు చాలాకాలంగా గమనిస్తున్న సంగతి ఒకటుంది. చలి సముద్రాల చేపకన్నా ఉష్ణదేశాల చేప ఐసులో సాధారణంగా ఎక్కువ రోజులు నిలుస్తుంది. చలి సముద్రపు చేప ఒంటిమీద ఉన్న బ్యాక్టీరియాకి ఐసు పుట్టినిల్లు, పడిన గంట నుంచే పని మొదలెడుతుంది. మన కొల్లేటి చెరువు నీళ్ళు దాదాపు ఏడాదంతా వెచ్చనే. ఆ చేప మీద ఉన్న జనాభాలో ఎక్కువమంది వెచ్చదనానికి అలవాటుపడ్డవాళ్ళు, ఐసులో పడగానే కొయ్యబారిపోతారు. చలిని ఓర్చే సూడోమోనాస్ ఎక్కడో కొద్దిగా ఉంటుంది, అది లెక్కలో పెరిగి చేపని చెడగొట్టడానికి రోజులు పడుతుంది.

కాకపోతే ఒక షరతు. ఐసు కొత్తదై ఉండాలి. నిన్నటి చేపల మీంచి కారి పెట్టె అడుగున నిలిచిన నీళ్ళలో ఉన్నవి సరిగ్గా ఆ చలికి తట్టుకుని గెలిచినవే. వాటిమీదే ఇవాళ కొత్త ఐసు, కొత్త చేపలు వేస్తే, పాలల్లో పెరుగు చెంచా వేసినట్టే. తోడు సిద్ధంగా ఉంది.

"అమ్మా, అడుగున నీళ్ళు నిన్నటియ్యేనా?" అనడిగాను.

ఆవిడ నా వంక ఒకసారి చూసి, చేపల్ని రేకు మీదికి ఎత్తి, పెట్టెను కాలువ గట్టు మీద బోర్లించింది.